పెద్ద చెరువు గట్టు మీద మమ్మల్ని నడవనివ్వండి: విజయనగరం అధికారులకు బహిరంగ లేఖ

నగర పాలన, జలవనరులు, ప్రజారోగ్యం, పర్యాటకం బాధ్యతలు చూస్తున్న గౌరవనీయులైన అధికారులకు,

నమస్కారం.

మేము ఆదివారం ఉదయం పూట పెద్ద చెరువు చుట్టుపక్కల కలిసి నడిచేవాళ్లం. మాలో విశ్రాంత ఉపాధ్యాయులు ఉన్నారు, బట్టల దుకాణాల్లో పని చేసేవారు ఉన్నారు, గృహిణులు, కళాశాల విద్యార్థులు, సెలవులకు వచ్చిన మనుమలను వేలు పట్టుకుని తీసుకొచ్చే తాతలు ఉన్నారు. మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి చదురుగుడి ముందు కలుసుకుంటాం. అక్కడి నుంచి చెరువు గట్టు, ఆ తర్వాత కోట, సంస్కృత కళాశాల, సంగీత కళాశాల, గురజాడ అప్పారావు గారు నివసించిన ఇల్లు చూసుకుంటూ అయ్యకోనేరు గట్టుకు చేరుతాం. ఊరి చరిత్ర తెలిసినవారు ఒకరు ముందుండి చెబుతారు, మిగిలినవారు వింటూ, మధ్యలో అడ్డుపడి ప్రశ్నలు వేస్తూ నడుస్తారు. రుసుము లేదు, సభ్యత్వం లేదు, ఎవరైనా రావచ్చు.

ఈ దారిలో నీటి వెంట సాగే భాగమే నడవలేని స్థితికి వచ్చింది. ఈ సంగతి రాతపూర్వకంగా తెలియజేశాం, ఫొటోలు జతపరిచాం. సోమవారం ఫిర్యాదుల స్వీకరణలో వరుసలో నిలబడి అర్జీ ఇచ్చి రశీదు తీసుకున్నాం. కొన్నాళ్లకు సమస్య పరిష్కారమైందని ఫోనుకు సందేశం వచ్చింది. ఆ సాయంత్రమే వెళ్లి చూశాం. మురుగు అలాగే చెరువులో పడుతోంది, విరిగిన పలక విరిగినట్టే ఉంది. మళ్లీ అడిగితే చెరువు ఒకరిది, గట్టు మరొకరిది, కాలువ ఇంకొకరిది అన్నారు. ఒక కార్యాలయం మరో కార్యాలయం వైపు వేలు చూపించింది. ఎవరి పరిధి ఏదో తేల్చుకోవలసిన పని పౌరులది కాదు కాబట్టి ఈసారి మీ అందరికీ కలిపి, ఊరందరికీ తెలిసేలా రాస్తున్నాం.

ఈ చెరువు విలువ మీకు తెలియనిది కాదు. అయినా ఒక్క మాట చెప్పాలి. 1757లో బొబ్బిలి యుద్ధం జరిగిన కాలంలోనే పైడితల్లి అమ్మవారు ఈ నీటిలో వెలసిందని, విగ్రహాన్ని ఇక్కడి నుంచే పైకి తెచ్చారని తరతరాలుగా ఊరి నమ్మకం. దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను (పూజారిని చివరన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) ఊరేగేటప్పుడు దాని ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథంతో పాటు బెస్తవారి వల కూడా నడుస్తుంది. అమ్మను నీటిలోంచి తీసిన జాలరులకు ఊరు ఇచ్చే గౌరవం ఆ వల. తెప్పోత్సవం జరిగేదీ ఈ చెరువులోనే. లక్షల మంది వచ్చే పండుగకు మూలమైన నీరు ఏడాదిలో మిగిలిన రోజుల్లో ఎలా ఉంటోందో, దాని పక్కన బతుకుతున్నవారికి ఏం జరుగుతోందో కింద రాస్తున్నాం.

1. అన్నింటికంటే ముందు మురుగు గురించి. చుట్టుపక్కల వీధుల కాలువలు కొన్ని నేరుగా చెరువులోకి దిగుతున్నాయి. మేము ఆగి చూసే ఒక చోట గట్టు కింద నుంచి వచ్చే తూర నోటి దగ్గర నీరు నల్లగా, నురగతో పడుతుంది. పాల ప్యాకెట్లు, మందుల అట్టలు, అన్నం మెతుకులతో కట్టేసిన కవర్లు అక్కడ తెట్టుగా పేరుకుపోయి ఉంటాయి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోకుండా అక్కడ నిలబడలేం.

మురుగులోని సేంద్రియ వ్యర్థం కుళ్లేటప్పుడు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును తినేస్తుంది. చేపకు ఊపిరి అందదు. అదే మురుగులోని నత్రజని, భాస్వరం గుర్రపు డెక్కకు ఎరువు అవుతాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క అనువైన చోట రెండు వారాల్లోనే రెట్టింపు అవుతుంది, దాని గింజలు అడుగు బురదలో ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తితో ఉంటాయి. పండుగ ముందు డెక్క తీయిస్తున్నారు, ఆ పని చేసే కార్మికుల కష్టాన్ని తక్కువ చేయడం లేదు. కానీ మురుగు ఆగనంతకాలం తీసిన చోటే మళ్లీ అల్లుకుంటుంది. తీసిన డెక్కను గట్టు మీదే కుప్ప పోస్తే మొదటి వానకు సగం తిరిగి చెరువులోకే జారుతుంది. ఇలా ఏటా పెడుతున్న ఖర్చుతో కాలువలను మళ్లించే పని ఎప్పుడో మొదలుపెట్టి ఉండవచ్చని మా గట్టి అభిప్రాయం.

ఇక దోమలు. డెంగీ దోమ మంచినీటిలో పెరుగుతుంది, ఇళ్లలో తొట్లు, డ్రమ్ములు బోర్లించమని మీరు చేసే ప్రచారం సరైనదే. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ సంగతి వేరు. బోదకాలు వ్యాపింపజేసేది అదే. ఉత్తరాంధ్రకు బోదకాలు కొత్త జబ్బు కాదు. ఇంటింటికీ తిరిగి డీఈసీ మాత్రలు మింగించిన ప్రభుత్వం ఆ దోమకు ఊరి నడుమ ఇంత పెద్ద తావు ఎందుకు వదిలేస్తోంది? గట్టు పక్క ఇళ్లలో సాయంత్రం ఆరు కాకముందే కిటికీలు మూసేస్తున్నారు. వేసవిలో, కరెంటు పోయిన రాత్రి, రేకుల ఇంట్లో కిటికీ మూసుకుని పడుకోవడం ఎలా ఉంటుందో దయచేసి ఊహించండి.

2. నడిచే దారి. గట్టు వెంట కొన్ని చోట్ల కాలిబాట ఉంది, కొన్ని చోట్ల ఉండేది, కొన్ని చోట్ల ఎన్నడూ లేదు. ఉన్నచోట కూడా మోటారు సైకిళ్లు, ఇసుక కుప్పలు, ఇళ్లు కూల్చిన మట్టి, ఎవరూ తీయని విద్యుత్ స్తంభం అడ్డం. దాంతో నడిచేవారు రోడ్డు మీదకు దిగుతారు. ఆటోలు, లారీలు వెనుక నుంచి వస్తుంటాయి.

కాలువ మీద మూత పలక పోయిన ఒక చోట ఎవరో వేప కొమ్మ గుచ్చారు, చీకట్లో ఎవరూ పడకూడదని. మేము మొదట చూసినప్పుడు ఆకు పచ్చగా ఉంది. తర్వాత ఎండిపోయింది. ఆ తర్వాత ఇంకెవరో పాత కొమ్మ తీసి కొత్త కొమ్మ గుచ్చారు. ప్రజలు తమకు చేతనైనది చేస్తున్నారు. పలక వేయడం మాత్రం వారి చేతిలో లేదు. మా బృందంలో చంక కర్రల సాయంతో నడిచే ఒక పెద్దాయన ఉన్నారు. ఆ చోటు దాటించడానికి ఇద్దరు ఆయనను చెరో వైపు పట్టుకోవాలి. ఈమధ్య ఆయన చదురుగుడి దాకా వచ్చి, మీరు వెళ్లి రండి అని అక్కడే కూర్చుండిపోతున్నారు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి తన చెరువు గట్టు మీదకు తాను రాలేకపోతున్నారు.

కాలిబాట ఎలా ఉండాలో మేము కొత్తగా కనిపెట్టి చెప్పనక్కర్లేదు. అడ్డంకులు లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని భారత రోడ్ల కాంగ్రెస్ 2012లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. నడవదగిన కాలిబాట ఉండటం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని, అది దివ్యాంగులకు కూడా అనువుగా ఉండాలని 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి మేము అడుగుతున్నది మాకు హక్కుగా రావలసినదే.

3. పిల్లల భద్రత. మాతో వచ్చిన ఒక పాప డెక్క పరుచుకున్న చెరువును చూసి, ఇది ఏ పంట అని అడిగింది. ఆ పచ్చదనం కింద ఎంత లోతు నీరు ఉందో, ఎంత బురద ఉందో పైకి తెలియదు. ఆ చోట అడ్డు కంచె లేదు, హెచ్చరిక బోర్డు లేదు. దగ్గర్లోనే పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. బంతి డెక్క మీద పడితే దాని వెంట ఒక పిల్లవాడు దిగడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ప్రమాదం జరిగాక సంతాపం తెలపడానికి రావద్దు, జరగకముందే రండి.

4. చెరువు మీద బతికేవారు. సిరిమాను ముందు వల పట్టుకుని నడిచే గౌరవం దక్కిన వృత్తివారికి ఈ చెరువులో మిగిలిన రోజుల్లో వల వేస్తే డెక్క వేళ్లు చిక్కుకుని వల చిరుగుతుంది. పడిన చేపను కొనడానికి, ఎక్కడి చేప అని అడిగాక జనం వెనుకాడతారు. బట్టలు ఉతికి బతికే రజక కుటుంబాల వారు మోకాలి లోతు మురుగులో గంటల తరబడి నిలబడాలి. వాళ్ల కాళ్ల మీద పుండ్లు, దురదలు మేము చూశాం. నీటిని బాగుచేసే ప్రణాళిక ఏది వేసినా మొదట అడగవలసింది ఈ రెండు వృత్తుల వారినే. ఇంతవరకు తమను ఎవరూ అడగలేదని వారు మాతో చెప్పారు.

తోపుడు బండ్ల వారి గురించి కూడా చెప్పాలి. కాలిబాట ఖాళీ చేయమని మేము అడుగుతుంటే మొదటి దెబ్బ వాళ్ల మీద పడుతుందేమోనని మాకు భయంగా ఉంది. గట్టు మీద మాకు టీ పోసేది, వాన పడితే తమ పట్టా కింద మాకు చోటిచ్చేది వాళ్లే. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం సర్వే చేసి, విక్రయ కమిటీలో వారి ప్రతినిధుల మాట విని, అమ్ముకునే చోటు చూపించాలి. లాఠీలతో, ట్రాక్టర్లతో బండ్లు ఎత్తుకుపోవడానికి మా పేరు వాడవద్దు.

5. వీధి దీపాలు వెలగని చోట ఆడవాళ్లు పొద్దు వాలాక నడవడం మానేశారు. గట్టు పొడవునా వాడదగిన మరుగుదొడ్డి ఒక్కటీ మా కంట పడలేదు. మధుమేహం ఉన్న పెద్దవాళ్లు, ఆడపిల్లలు దీనివల్లనే నడకకు రావడం లేదని చెబుతున్నారు.

6. వాన నీటి సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ జిల్లాను ఎలా కుదిపిందో ఎవరూ మరచిపోలేదు. కుండపోత వాన కురిసినప్పుడు ఊరి నీటిని కాసేపైనా పట్టి ఉంచేవి చెరువులే. అంచుల నుంచి మట్టి పోసుకుంటూ వస్తే, నీరు తెచ్చే గెడ్డలు ఇళ్ల మధ్య ఇరుకు కాలువలైపోతే, ఆ నీరు పల్లపు వీధుల్లోకి రాక తప్పదు. అంచున పోసిన ప్రతి ట్రాక్టరు మట్టికి ఎక్కడో ఒక ఇంట్లో మంచం కోళ్ల దాకా నీళ్లు వస్తాయి.

7. చరిత్ర చెప్పే ఆనవాళ్లు. చెరువు నుంచి ముందుకు వెళితే 1713లో కట్టిన కోట, 1919లో స్థాపించిన సంగీత కళాశాల ఉన్నాయి. ఆ కళాశాలకు తొలి ప్రధానాచార్యులు ఆదిభట్ల నారాయణదాసు గారు. 1936లో ఆ బాధ్యత ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి వచ్చింది. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు ఇక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకుంటూ, ఈ వీధుల్లోనే మధూకరం ఎత్తి కడుపు నింపుకున్నారు. ఏ తల్లులు ఆయన జోలెలో అన్నం వేశారో ఆ వీధుల గుండా నడుస్తూ ఈ కథ చెబితే కళాశాల పిల్లలు ఫోన్లు జేబులో పెట్టేసి వింటారు. మేము మాత్రం నడిచిన దారిలో ఈ విషయం చెప్పే బోర్డు ఒక్కటి కూడా చూడలేదు. బయటి ఊరి నుంచి వచ్చినవారు కోట గోడ దగ్గర ఫొటో తీసుకుని బస్సు ఎక్కేస్తున్నారు.

ఇక మా కోరికలు.

ఒకటి. చెరువు, గట్టు, కాలువలు, కాలిబాట అన్నింటికీ కలిపి బాధ్యత వహించే ఒక అధికారిని నియమించి, ఆ అధికారి హోదా, కార్యాలయం, ఫోను నంబరు గట్టు మీద బోర్డు పెట్టి ప్రకటించండి.

రెండు. పెద్ద చెరువులోకి, అయ్యకోనేరులోకి మురుగు తెస్తున్న ప్రతి కాలువను గుర్తించి జాబితా బహిరంగపరచండి. గట్టు వెంట అడ్డుకాలువ కట్టి ఆ మురుగును శుద్ధి కేంద్రానికి మళ్లించండి. శుద్ధి అయ్యేదాకా ఒక్క చుక్క కూడా చెరువులోకి వదలవద్దు. నీటి నాణ్యతను మూడు నెలలకొకసారి పరీక్ష చేయించి ఫలితాలు తెలుగులో ప్రకటించండి.

మూడు. రెవెన్యూ రికార్డుల ప్రకారం రెండు చెరువులకూ సర్వే చేసి హద్దు రాళ్లు పాతండి. జలవనరులను వారసత్వ సంపదగా ప్రకటించి, హద్దులు శాశ్వతంగా గుర్తించే అధికారాన్ని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ఇస్తోంది. చెరువులు, కుంటలు సమాజానికి చెందిన వనరులని, వాటిని కాపాడాలని 2001లోనే హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ అధికారాన్ని ఈ రెండు చెరువుల విషయంలో వినియోగించండి.

నాలుగు. విరిగిన, పోయిన మూత పలకలను 15 రోజుల్లో వేయించండి. దీనికి పెద్ద నిధులు, అంచనాల ఆమోదాలు అక్కర్లేదు.

ఐదు. గట్టు వెంట తెగకుండా సాగే కాలిబాట వేయండి, చక్రాల కుర్చీ వెళ్లేలా వాలు పెట్టండి. అయితే ఇందుకోసం చెరువు లోపలికి మట్టి పోసి నీటి విస్తీర్ణం తగ్గించవద్దు. ఈ విషయంలో మేము పట్టుదలగా ఉన్నాం. నీటిని పూడ్చి వేసిన బాట మాకు అక్కర్లేదు. రంగు దీపాలు, ఊరి పేరును పెద్ద అక్షరాల్లో నిలబెట్టే బోర్డులు, సిమెంటు బొమ్మలు మురుగు ఆగిన తర్వాత ఆలోచించవచ్చు. ముందే ఆ పనులు చేస్తే డబ్బు ఖర్చవుతుంది, కంపు మిగులుతుంది.

ఆరు. పిల్లలు ఆడే చోట్ల కంచె, హెచ్చరిక బోర్డులు, నడక దారిలో దీపాలు, రోజూ శుభ్రం చేసే మరుగుదొడ్లు ఏర్పాటు చేయండి.

ఏడు. జాలరులు, రజకులు, తోపుడు బండ్ల వారితో గట్టు మీదే సమావేశం పెట్టి, వారి మాట నమోదు చేసి, ఆ తర్వాతే ప్రణాళిక ఖరారు చేయండి.

ఎనిమిది. చదురుగుడి నుంచి అయ్యకోనేరు దాకా వారసత్వ నడక దారిని అధికారికంగా గుర్తించండి. రాళ్ల మీద చెక్కిన చిన్న తెలుగు ఫలకాలు చాలు. వాటి మీద రాయవలసిన సమాచారం సేకరించి ఇవ్వడానికి మాలోని ఉపాధ్యాయులు సిద్ధంగా ఉన్నారు, పారితోషికం అక్కర్లేదు.

తోటి ఊరివారికి కూడా ఒక విన్నపం. అధికారుల తప్పును ఎత్తి చూపుతున్న మేము మన తప్పును దాచలేం. పూజ పూలు, పాత దేవుడి పటాలు, రంగులు పూసిన వినాయక విగ్రహాలు, కోడి ఈకల మూటలు చెరువులో వేస్తున్నది మనవాళ్లే. అమ్మవారు వెలసిన నీటిలో చెత్త వేసి, అదే చేత్తో గుడిలో తీర్థం పుచ్చుకోవడం సరికాదు. మట్టి విగ్రహాలు వాడండి, చెత్త బండికే చెత్త ఇవ్వండి, గట్టు మీద ఎవరైనా మూట విసరబోతుంటే ఆపండి.

అధికారులకు మరొక్క మాట. ఈ లేఖ ప్రతిని మీ కార్యాలయాలన్నింటికీ రిజిస్టర్డ్ పోస్టులో పంపిస్తున్నాం. పైన రాసిన ఎనిమిది కోరికలకు విడివిడిగా, ఏ పని ఎప్పటిలోగా చేస్తారో తేదీలతో సహా, 30 రోజుల్లో రాతపూర్వక సమాధానం ఇవ్వాలని కోరుతున్నాం. పరిష్కారమైందని ఫోనుకు పంపే సందేశాన్ని సమాధానంగా తీసుకోం. ఆ గడువు దాటితే ఈ చెరువుల కోసం మంజూరైన నిధులు, చేసిన ఖర్చులు, మూసివేసిన ఫిర్యాదుల వివరాల కోసం 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెడతాం. వచ్చిన వివరాలను గట్టు మీదే అందరికీ చదివి వినిపిస్తాం. అప్పటికీ కదలిక లేకపోతే న్యాయస్థానం తలుపు తడతాం.

ఈలోగా ఏ ఆదివారమైనా ఉదయం ఆరు గంటలకు చదురుగుడి దగ్గరకు రండి. వాహనం అక్కడే ఆపి, తూర నోటి దాకా, వేప కొమ్మ గుచ్చిన చోటి దాకా మాతో నడవండి. మీతో పాటు ఇంజనీర్లను, కొలత టేపులను తీసుకురండి.

ఇట్లు,
పెద్ద చెరువు గట్టు మీద నడిచే విజయనగరం పౌరుల తరఫున